పదమూడు సంతల గడువు

పోయినవాటి లెక్క ముందు చెబుతాను. ఒక శనివారం, పొద్దుటి నుంచి సాయంత్రం ఐదు దాకా. ముప్పై ఒక్క దరఖాస్తులు: గీదంలో తొమ్మిది, సుక్మాలో ఎనిమిది, కొంటాలో పద్నాలుగు. వాటి కోసం తహసీలు ఆఫీసు చుట్టూ తిరిగిన తిరుగుడు, మనిషికి రెండు మూడు రోజుల కూలి. దొంగ ఎవడూ రాలేదు. సర్వర్ ఒక్క నిమిషం కూడా ఆగలేదు.

ఇనుప గనుల టౌన్‌షిప్‌లో ఒక శిక్షణ సంస్థకి నేను హాజరు లెక్కలు చూసేవాణ్ణి. గని యంత్రాల మీద స్థానికులకి శిక్షణ ఇచ్చే సీట్లకి ఏడాదికోసారి దరఖాస్తులు తీసుకునేవాళ్ళు. కాగితాలు మాయమవుతున్నాయని ఆన్‌లైన్‌లో పెట్టారు. గీదం, సుక్మా, కొంటా సెంటర్లలో ఆపరేటర్లు జనం వివరాలు సైటులో ఎక్కించేవాళ్ళు. కంప్యూటరు చదువు నాకు లేదు. చూసి, చేసి, చెడగొట్టి, మళ్ళీ దిద్దుకుని సర్వర్ నడపడం నేర్చుకున్నాను. జనం ఆధార్ నంబర్లు దారిలో ఎవరైనా చదివేలా పోతుంటే ఊరుకోలేక సర్టిఫికెట్ కూడా పెట్టాను. అది ఉంటే సమాచారం గుప్తంగా వెళుతుంది, బ్రౌజర్‌లో తాళం గుర్తు కనిపిస్తుంది. ఉచితంగా వచ్చేది. కాని తొంభై రోజులే పనిచేసేది.

మామూలుగా అయితే గడువు ముగిసేలోపు దానంతట అదే కొత్తదైపోతుంది. అందుకు బయటి నుంచి సర్వర్‌కి ఒక పోర్ట్, తలుపులాంటిది, తెరిచి ఉండాలి. మా నెట్‌వర్క్ ఇంచార్జి భయస్తుడు. ఆ పోర్ట్ మూసేసి, ఆఫీసు ఖాళీగా ఉండే ఆదివారం పొద్దున ఒక గంట మాత్రం తెరిచేవాడు. అందుకని పన్నెండు వారాలకోసారి నేనే కూర్చుని సర్టిఫికెట్ మార్చేవాణ్ణి.

ఆసారి పన్నెండో ఆదివారం వెళితే ఇంచార్జి గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నాడు. కోస్తా నుంచి వచ్చినవాడు.

"ఇవాళ కుదరదండీ మాస్టారూ. సంతకి తీసుకెళ్తానని మావిడకి మాటిచ్చేశాను. వారం ఆగితే మీ తాళం తుప్పు పట్టిపోదు కదా?"

నవ్వాను. నవ్వుతూనే లెక్క వేశాను. మా వైపు ఊళ్ళలో గడువులన్నీ సంతల్లోనే చెబుతారు. నాట్లకి సెలవడిగే కూలీ మనిషి నాలుగు సంతలంటే నెల అని రాసుకోవాలి. మూడు నెలలంటే పదమూడు సంతలు. ఏళ్ళ తరబడి రిజిస్టర్లలో అట్లా మార్చి రాసిన చెయ్యి నాది. తొంభై రోజులు, మూడు నెలలు, పదమూడు సంతలు. ఇంకొక సంత ఉంది కదా అనుకుని వెనక్కి వచ్చేశాను.

ఏడు పదమూళ్ళు తొంభై ఒకటి. ఆ మాట బడిపిల్లలు కూడా చెబుతారు.

తొంభయ్యో రోజు శనివారం. పొద్దున్నే సర్టిఫికెట్ గడువు తీరిపోయింది. దరఖాస్తులకి అదే ఆఖరి రోజు. సైటు తెరిస్తే ఎర్ర గుర్తుతో హెచ్చరిక పేజీ. దాన్ని దాటి ముందుకి పోయే వీలు కూడా లేకుండా నేనే కట్టుదిట్టం చేసి పెట్టాను. కొంటా సెంటరు ఆపరేటరు ఫోను చేసేసరికి పది దాటింది. ఇంచార్జి ఆ పొద్దున విశాఖ రైలెక్కాడు, సొరంగాల దారిలో అతని ఫోను పలకలేదు. పోర్ట్ తెరవకుండా, సైటు పేరు నమోదై ఉండే డొమైన్ ఖాతాలో ఒక్క వరుస చేర్చి కూడా కొత్త సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చని నాకు నెల తర్వాత తెలిసింది.

ఎంతమంది తిరిగిపోయారో, వచ్చినవాళ్ళ పేర్లు రాసే టోకెన్ పుస్తకంలో చూద్దామని సోమవారం కొంటా వెళ్ళాను. ఆపరేటరు పుస్తకం నా ముందుకి తోశాడు.

"ఎర్ర పేజీ వస్తే ఎవ్వల ఆధార్ కొట్టకు, ఎనక్కి పంపియ్యమన్నది నువ్వే గదా అన్నా. గోడకి గూడ అంటించి పోతివి."

నిజమే. గోడ మీది రాత నాదే.

తిరిగిపోయిన పద్నాలుగు మందిలో ఒకామె అక్కడే బెంచీ మీద కూర్చుని ఉంది. శబరి ఒడ్డున ఒక ఊళ్ళో సాగు చేసుకునే మనిషి. శుక్రవారం సాయంత్రం కుల ధ్రువపత్రం చేతికొస్తే శనివారం తొలి బస్సుకి వచ్చిందట. ఇవాళైనా తీసుకుంటారేమోనని మళ్ళీ వచ్చింది.

"ఏంది అన్నా, మిషన్ చెడిపోయిందా, మనిషి చెడిపోయిండా?"

"నెట్ సరిగ్గా లేదక్కా," అన్నాను.

"ఏడ లేదు? నా పక్కన ముసలాయన పొద్దుగూకేదాంక ఫోన్ల పాటలు చూసె. ఆయనకు మంచిగనే వచ్చె నెట్."

ఆపరేటరు పకపకా నవ్వాడు.

"వచ్చే ఏడు పెట్టుకో అక్కా," అన్నాను.

"వచ్చే ఏటికి కాగితం మీద నాకు ముప్పై ఆరు. ముప్పై ఐదు దాటితే రావద్దని నీ మిషన్లనే ఉందంట గద. ఈ తమ్ముడే సదివి చెప్పిండు."

బుధవారం సంస్థ మేనేజరు నన్ను పిలిచి ఒక తెల్ల కాగితం ముందు పెట్టాడు. హిందీలో అన్నాడు: "తప్పు మన సర్వర్‌దైతే అదే రాసివ్వు, రెండు రోజులు గడువు పెంచుతాను. సెంటర్ల లైన్‌దైతే నేను చేసేదేం లేదు." తప్పు మనదని రాసినవాడి సంగతి ఏమవుతుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. నాది ఏడాదికోసారి పొడిగించే కొలువు. పొడిగింపు ఆ నెలలోనే ఉంది.

"సెంటర్ల వద్ద లైన్ బలహీనత వల్ల" అని రాసి సంతకం పెట్టాను. అంకె లేకుండా నేను రాసిన నివేదిక అదొక్కటే.

గడువు పెరగలేదు. నా కొలువు పెరిగింది.

మరుసటి ఏడు దరఖాస్తులు ముగిశాక మూడు సెంటర్ల టోకెన్ పుస్తకాలు తెప్పించి, ఆ శనివారం తిరిగిపోయిన ముప్పై ఒక్క పేర్లని కొత్త జాబితాతో సరిచూశాను. పదహారు మంది మళ్ళీ పెట్టుకున్నారు. ముగ్గురు వయసు ఉండి కూడా పెట్టలేదు, ఎందుకో తెలియదు. మిగిలినవాళ్ళకి వయసు దాటిపోయింది. బెంచీ మీద కూర్చున్నామె వాళ్ళలోనే ఉంది. వాళ్ళందరి ఊళ్ళూ నాకు తెలుసు, బస్సులూ తెలుసు. లైన్ బాగానే ఉందనీ, లెక్క తప్పింది నేననీ, తెల్ల కాగితం మీద అబద్ధం రాసిందీ నేనేననీ వెళ్ళి చెప్పవచ్చు. ఒక్కరికీ చెప్పలేదు.

ఆ మాట నేను బాకీ ఉన్నవాళ్ళు ఈ రోజుకీ పన్నెండు మంది.