టైలరమ్మ నోటికి తాళం

చర్చికి వచ్చినా టైలరమ్మ మెడలో కొలత టేపు వేలాడుతూనే ఉంటుంది. పాట మొదలైతే చాలు, కుడికాలు మిషను తొక్కినట్టు దానంతటదే ఆడుతుంది. ఏళ్ల తరబడి అక్కడ పాట ఎత్తుకునేది ఆమే. ఈస్టరుకు ముందు నలభై రోజులు ఉపవాసాలుండే ఈ తపస్సు కాలానికి మాత్రం పాటే మానేస్తానని దేవుడికి మాటిచ్చింది. మాంసం ఎవరైనా మానేస్తారు, అదేం గొప్ప? శుక్రవారం, గోడల మీది యేసు శ్రమల పటాల ముందు ఆగుతూ సాగే సిలువ మార్గం ప్రార్థనలో పాట ఎత్తే పని, ఎన్నాళ్లుగానో కాచుకు కూర్చున్న తోటికోడలికి దక్కింది. ఆ మహాతల్లి పాటను ఏకంగా ఆకాశంలో అందుకుంది. జనం ఒక్కో పటం ముందుకు కదిలేకొద్దీ ఒక్కో గొంతూ రాలిపోయింది. యేసు మూడోసారి పడిన పటం దగ్గర తోటికోడలి గొంతూ పట్టేసింది. అందరి కళ్లూ టైలరమ్మ మీదే! ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. కాలు మాత్రం ఆడుతూనే ఉంది. "అక్కా, నీకు పుణ్యముంటుంది, అందుకో!" అని తోటికోడలు బతిమాలింది. అంతే, కొంగు జారింది. పాట కట్ట తెగినట్టు పొంగింది, గోడవారన కూలబడ్డ ముసలివాళ్లు సైతం లేచి గొంతు కలిపారు. టైలరమ్మ ఒళ్లంతా పులకరించిపోయింది.

ప్రార్థన అయ్యాక ఫాదర్ గారు జనం చేసిన పాపాలు వినే పాపసంకీర్తనానికి కూర్చోగానే అందరికన్నా ముందు వెళ్లి మోకరించింది. "దేవుడికిచ్చిన మాట తప్పాను ఫాదర్, ఏ ప్రాయశ్చిత్తమైనా చేస్తాను" అంది ఆయాసపడుతూ. మధ్యనున్న జాలీ తెర వెనక నుంచి ఆయన అన్నారు:

"అయితే రోజూ పాడమ్మా. కాకపోతే ఎత్తుకునేది మీ తోటికోడలే. ఆమె ఏ శ్రుతిలో ఎత్తుకుంటే ఆ శ్రుతిలోనే నువ్వు వెనకాల పాడాలి."

'రోజూ పాడమ్మా' అనగానే ఆడబోయిన టైలరమ్మ కాలు టక్కున ఆగిపోయింది. "మీకో దండం ఫాదర్, నోరు మూసుకునే ఉంటాను!"