ఏటిగట్టు వాక్యం

నలభై దాటాక నేను అక్షరాలు నేర్చుకున్నాను. అంతకుముందే చాలా ఏళ్లుగా మా పేటలో పిల్లలకు, కొత్త కోడళ్లకు బైబిలు వాక్యం నేర్పుతూ ఉన్నాను. చదువు రాకుండా ఎలా నేర్పావని అడిగేవాళ్లకు మా అరుగు సంగతి చెప్పాలి.

మాది నరసాపురం దగ్గర క్రైస్తవుల పేట. మధ్యాహ్నం వంటలు అయ్యాక ఆడవాళ్లమంతా ఒక అరుగు మీద చేరి లేసు అల్లేవాళ్లం. ఆడవాళ్లకు వాక్యం చెప్పడానికి మిషను వాళ్లు పెట్టిన ఒక అమ్మగారు వేదపుస్తకం ఒళ్లో పెట్టుకుని మా మధ్య కూర్చునేవారు. ఆవిడ ఒక మాట చదివితే మేము సూది ఆపకుండా ఆ మాట తిరిగి చెప్పేవాళ్లం. నాలుగు వరసలు అల్లేసరికి కీర్తనలో సగం నోటికి వచ్చేది. ఆవిడ చూపు మందగించాక, నోటికొచ్చిన వాటితోనే ఆ పని నేను అందుకున్నాను. ఊళ్లోకి వయోజనుల బడి వచ్చినప్పుడు సిగ్గు విడిచి పలక పట్టింది కూడా అందుకే.

మా గుడికి పాస్టరు గారు నెలకు ఒక్క ఆదివారమే వచ్చేవారు. ఆయన చూసుకోవలసిన ఊళ్లు ఇంకా మూడు ఉన్నాయి. మిగతా ఆదివారాలు రిటైరైన మాస్టారు ఒకాయన ఆరాధన నడిపేవారు. ఆయన తణుకులో కూతురి దగ్గరికి వెళ్లిపోయాక గుడిలో చదివేవాళ్లు లేకపోయారు. చదువుకున్న మగపిల్లలు పనుల మీద బయట ఊళ్లలో ఉండేవారు. సంఘ పెద్దకు చదువు వచ్చు గానీ ఆయాసం మనిషి, నాలుగు మాటలకే దగ్గు తెర కమ్మేది. అప్పుడు అమ్మగారు అరుగు దగ్గర నా సంగతి ఎత్తారు, గుడిలో నన్ను చదవనివ్వమని.

"ఆడవాళ్లకి ఆడవాళ్లు చెప్పుకుంటే మేమేమన్నా కాదన్నామా అండీ? గుళ్లో, మగాళ్లందరి ముందూ అంటేనే..." అని నసిగారు సంఘ పెద్ద. ఆయన నాకు వరసకు బాబాయి.

"నీకు మొదటి ప్రార్థన నేర్పిందెవర్రా?" అన్నారు అమ్మగారు.

"మీరేనండి."

"నేనేమన్నా మగాణ్ణా?"

అరుగు మీద అందరూ పక్కున నవ్వారు. బాబాయి గారు నవ్వలేదు. "సరేనండి, ఒక్క ఆదివారం చూద్దాం. తప్పు దొర్లిందా, ఇంక ఆ మాట ఎత్తకూడదు," అన్నారు.

నేను చదవలేకపోతే నెలలో మూడు ఆదివారాలు గుడి తలుపు మూసి ఉంటుంది. అరుగు మీద పనికొచ్చిన నా నోరు గుడిలో పనికిరాదన్నది కూడా ఆ రోజుతో తేలిపోతుంది.

ఆ ఆదివారం కొంగు తల మీదికి లాక్కుని నిలబడ్డాను. నాకు బాగా వచ్చిన కీర్తన తీశాను. వరస కింద వేలు పెట్టి మొదలుపెడితే గొంతు తడబడకుండా సాగిపోయింది. ఆడవాళ్లు చాపల మీద నుంచి సన్నగా నాతోపాటే పలుకుతున్నారు. ఇంక రెండు మాటల్లో అయిపోతుందనగా బాబాయి గారు తన పుస్తకంలో వేలు పెట్టుకుని, కళ్లజోడు సవరించుకుంటూ లేచారు.

"అమ్మాయ్, ఆగు. ఏటిగట్టును కాచువాడు అన్నావే, అదెక్కడుంది?"

"ఇక్కడే బాబాయ్ గారూ," అని వేలు చూపించబోయాను. వేలి దగ్గర ఆ మాట లేదు. పై వరసలో లేదు, కింది వరసలోనూ లేదు.

"ఉందండీ! మా అందరికీ వచ్చు," అని ఆడవాళ్లలోంచి ఒకావిడ గట్టిగా అంది.

"మీకొస్తే సరా? పుస్తకానికి కూడా రావాలి కదమ్మా," అన్నారు బాబాయి గారు. మగవాళ్ల వైపు నవ్వులు లేచాయి.

నాకు అప్పుడు తెలిసింది. నేను చదవడం లేదు. కళ్లు అక్షరాల మీద ఉన్నాయి గానీ మాట అరుగు మీది నుంచి వస్తోంది. పుస్తకం అక్కడే పెట్టి వెళ్లి చాప మీద కూర్చున్నాను.

మధ్యాహ్నం అమ్మగారి ఇంటికి వెళ్లి అడిగాను. ఆవిడ కీర్తన మొదటి నుంచి నోట్లోనే చెప్పుకుంటూ వచ్చారు.

"నేనే కలిపానే. వరద వచ్చిన ఏడు పిల్లల్నేసుకుని గట్టు మీద కూర్చున్నాం చూడు, అప్పుడు. అందరూ హడలిపోతుంటే కీర్తన చివర్లో ఆ మాట చేర్చాను. నీళ్లు తీశాక తీసేద్దామనుకున్నాను. మర్చిపోయాను."

"తప్పు కాదాండీ?"

"ప్రార్థనలో అయితే తప్పు కాదు. వాక్యమని చదివితే తప్పే. నా మీదే చెప్పు, ఈ వయసులో నన్నేం చేస్తారు?" అని, మళ్లీ ఆవిడే, "నీదీ ఉంది. నాకు కళ్లు లేవు. నీకున్నాయి, నువ్వు చూళ్లేదు," అన్నారు.

మరుసటి ఆదివారం పాటలైనా పాడుకుందామని జనం చేరితే, ఎవరూ పిలవకుండానే మళ్లీ లేచి నిలబడ్డాను. ఆ మాట పుస్తకంలో లేదని, చూసుకోకపోవడం నా తప్పేనని అందరి ముందూ చెప్పాను. తరవాత పుస్తకం బాబాయి గారి చేతికిచ్చాను.

"నాకు నోటికి రాని చోటు మీరే తీసివ్వండి."

ఆయన చాలా పేజీలు తిప్పి ఒకటి తీసిచ్చారు. నిండా పేర్లే. ఫలానా వాడి కొడుకు ఫలానా వాడు, వాడి కొడుకు ఇంకొకడు.

"అవి పాస్టరు గారికే నోరు తిరగవు కదండీ!" అని ఆడవాళ్లు గొడవ చేశారు.

కూడబలుక్కుంటూ మొదలుపెట్టాను. కొన్ని పేర్ల దగ్గర ఆగాను, కొన్నిటికి వెనక్కి వెళ్లాను. బాబాయి గారు తన పుస్తకంలో నాతోపాటే వేలు జరుపుతున్నారు. ఒకచోట "ఇంకోసారి చూడమ్మా," అని మెల్లిగా అన్నారు. చూశాను. సరిచేసుకున్నాను. చంటిపిల్లలు నిద్రపోయారు. పెద్దవాళ్లు గోడకు ఆనుకున్నారు. చాపల మీద పడిన కిటికీ ఎండ గడప దాకా జరిగింది. పేజీ అయ్యేసరికి నా జాకెట్టు వీపంతా తడిసిపోయింది.

బాబాయి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఒక్క మాట కలపలేదు," అన్నారు.

"ఒక్కటి వదల్లేదు కూడానండి, ఆకలేస్తోంది," అన్నాడు మగవాళ్లలో ఒకాయన.

"అవున్లే. ఈ లెక్కన అన్నాలు సాయంత్రమే," అని బాబాయి గారు గంట కొట్టే ఆయన వైపు తిరిగారు. "వచ్చే వారం నుంచి అరగంట ముందే కొట్టెయ్యి. అమ్మాయి చదువుతుంది."

పదింటికి కొట్టే గంట ఆ పై ఆదివారం తొమ్మిదిన్నరకే మోగింది. అప్పటికే నేను గుడిలో కూర్చుని, ఆ రోజు పేజీని మూడోసారి కూడబలుక్కుంటున్నాను.