పంచని చక్కెర

సిరోంచ దర్గా కిటికీకి కట్టిన దారం విప్పుకుని, చిటికెడు చక్కెరైనా పంచకుండా ఒకామె వెళ్ళిపోయింది. నేను నివ్వెరపోయాను. కోరిక తీరాలని అక్కడ దారం కడతారు. తీరాక వచ్చి విప్పి, ఉన్నవాళ్ళందరికీ చక్కెర పెడతారు. బడికి పోకుండా ఆ దర్గా ముంగిట్లోనే అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి. ఎవరైనా ఈ పద్ధతి తప్పడం ఎన్నడూ చూడలేదు.

ఆష్టి వెళ్ళే బస్సులో ఆమె నా ముందు సీట్లోనే కూర్చుంది. పిడికిలి మూసే ఉంది. ఊరుకోలేకపోయాను.

“ఏందమ్మా, మొక్కు తీరినంక బాబాను గిట్లనే మరుస్తరా? చక్కెర ఏది?”

కండక్టర్ నవ్వాడు. “తాతా, నీకు షుగర్ బీమారి ఉన్నది గద! ఆమె పెట్టకుంటె నీకే మంచిది.”

బస్సంతా నవ్వింది. నాకు మరింత మండింది. “నా నోటి కోసం గాదు. కోరిందిచ్చిన బాబాకు జర మర్యాద చెయ్యాల్నా, వద్దా?” అని గట్టిగానే అడిగాను.

బామ్నిలో బస్సు ఆగింది. దిగబోతూ ఆమె నా దగ్గర నిలబడి పిడికిలి తెరిచింది. అందులో వెలిసిపోయిన దారం ఉంది.

“మొక్కు తీరలే పెద్దయ్యా. నా బిడ్డ బతకలే. ఇగ బాబాను ఎందుకు పరేషాన్ చేసుడని ఇప్పుకున్న.”