చిన్నమ్మను బొడ్డెమ్మ అన్నాం

సిద్దిపేటలో నేను రోగులకు ఫిజియోథెరపీ చేసే గదిలో ఏడాది పొడుగునా నొప్పుల నూనె వాసనే. మొన్న బతుకమ్మకు ముందు, ఎప్పుడూ నీరసంతో కుంగిపోయే కూతుర్ని తీసుకొచ్చిన ఒక తల్లి, దారిలో కోసిన గునుగు పూల సంచిని బల్ల పక్కన పెట్టింది. పచ్చిగడ్డి, తడిమట్టి కలిసిన ఆ వాసన తగలగానే సిగ్గుతో నా తల వంగిపోయింది.

గునుగంటే నాకు గుర్తొచ్చేది మా చిన్నబాపు, అంటే నాన్న తమ్ముడి భార్య, చిన్నమ్మే. వానలు వెనకబట్టి చేన్ల గట్లు తెల్లగా గునుగు పూసే ఆ రోజుల్లో ఇల్లంతా వేయించిన నువ్వులు, పల్లీల వాసన. నాయినమ్మ రొట్టెలు, బెల్లం కలిపి మలీద ముద్దలు కడుతూ అందరికీ పనులు పురమాయించేది. ఆడపిల్లలం గునుగు కాడలు సమంగా కత్తిరించి, దారంతో కట్టలు కట్టి రంగుల్లో ముంచితే, వారం దాకా మా వేళ్ళు గులాబీ రంగు వదిలేవి కావు. చిన్నమ్మ మాత్రం నాలుగు కట్టలు కట్టి, ఇంకా ఓపిక ఉండగానే ఆపి, చాప మీద పడుకునేది. కాసేపటికి లేచి మళ్ళీ నాలుగు కట్టి మళ్ళీ పడుకునేది. అంతకు రెండేళ్ళ ముందు ఆమెకు పెద్ద జ్వరమొచ్చి తగ్గింది గానీ, పోయిన సత్తువ మళ్ళీ రాలేదు. దవాఖానలో పరీక్షలన్నీ చేసి ఏమీ లేదన్నారు కాబట్టి మా ఇంట్లో దానికి బద్ధకమని పేరు పెట్టారు.

పిల్లలం ఇంకో పేరు పెట్టాం. బతుకమ్మకు ముందు పీట మీద మట్టితో బొడ్డెమ్మను చేసి చుట్టూ ఆడతాం. అది కదలదు, అందరూ దాని చుట్టూ తిరగాలి. చిన్నమ్మను బొడ్డెమ్మ అన్నది మొదట నేనే. నాయినమ్మ నవ్వి నాకు ఇంకో మలీద ముద్ద పెడితే, చిన్నమ్మ చూస్తుండగానే తిన్నాను.

పండగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు నాయినమ్మ నన్ను పిలిచి, "ఇయ్యాల దాన్ని కూసోనియ్యకు. నాలుగు సుట్లు ఆడితే ఒళ్ళు అదే వంగుతది" అంది. నేను చిన్నమ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు. రెండు చుట్లకే ఆమె నా చెవి దగ్గరికి వంగి, "ఇగ చాలు బిడ్డా, రేపటికి నాకు పాణం మిగలది" అంది.

"అందరు ఆడుతలేరా?" అని లాగాను. ఆఖరి పాట దాకా చిన్నమ్మ వంగింది, చప్పట్లు కొట్టింది, నవ్వింది కూడా. చూసిన ఆడవాళ్ళు ఇన్నాళ్ళూ వేసినవి వేషాలేనన్నారు. నేనేదో ఘనకార్యం చేసినట్టు మురిసిపోయాను.

మర్నాడు ఆమె లేవలేదు. మూడో రోజుకు చెంబు ఎత్తలేకపోయింది. కిటికీ వెలుతురు కూడా పడక కొంగు కళ్ళ మీద కప్పుకుంది. దసరా పోయింది, దీపావళి వచ్చింది, ఆమె మంచం దిగలేదు. గడపలో నిలబడి, "గిదంత ఏసమే, నాయినమ్మా" అన్నాను. చిన్నమ్మ విని, నన్నేమీ అనకుండా గోడ వైపు తిరిగింది. తర్వాత ఆమె అన్నదమ్ములు కారు వెనక సీట్లో పడుకోబెట్టి దుబ్బాక తీసుకుపోయారు. మళ్ళీ మా ఇంటికి రాలేదు. నేను చదువుకుని, ఆమెది ఓపికకు మించి కదిలిస్తే ఇంకా ముదిరే జబ్బని తెలుసుకునేసరికి ఆమె లేదు.

ఇప్పుడు ఆ ఇంటి జాగాలో దుకాణాల షట్టర్లున్నాయి. గునుగు కట్టలు బజార్లో రంగు వేసే అమ్ముతున్నారు. మొన్న వచ్చిన తల్లి మాత్రం పాతమాటే అంది: "జర గట్టిగ కసరత్తు చేయించుండ్రి మేడం, అదే అలవాటైతది."

నేను కసరత్తు చేయించలేదు. సంచి విప్పి, ఆ అమ్మాయితో నాలుగు కట్టలు కట్టించి, ఓపిక ఉండగానే ఆపించి పడుకోబెట్టాను. కాసేపాగి మళ్ళీ నాలుగు. బాగున్న రోజున కూడా అంతకు మించి చేయొద్దని, పండగనాడు ఎవరు లాగినా ఆడొద్దని చెప్పాను. అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన మాట నమ్మిన మనిషిని మొదటిసారి చూస్తున్నానంది.

తల్లి కట్టిన కట్టల్ని సంచిలో సర్దుతూ, "గీ పద్ధతి ఏడ నేర్చుకున్నరు మేడం?" అని అడిగింది.

"చదువులో" అన్నాను. చిన్నమ్మ పేరు చెప్తే, ఆమెను నేనేం చేశానో కూడా చెప్పాల్సి వస్తుంది.