మా చేనులో మేం కురిపించిన వాన

మా ఎర్రచేనులో నీళ్లు ఇంకవని జీపు దిగకుండానే తేల్చి, వాననీళ్లు ఆపే గట్ల పని రద్దు చేశాడు ఓ ఇంజనీరు. పెనుకొండ పక్కనున్న ఆ చేనే మా బతుకు. ఈ రోజు మిత్రులం కలిసి ఒక ముక్క వాలుకు అడ్డంగా దున్ని, పక్క ముక్క అలాగే వదిలి, రెంటి మీదా స్ప్రింక్లర్లతో వాన కురిపించాం. దున్నని ముక్కలో నీళ్లు ఎర్రగా పారిపోయాయి. దున్నిన ముక్క మొత్తం తాగేసింది.

"ఏమిరా, మిట్టమధ్యాన్నం వాన ఆటలాడుతాండారా?" అని వెక్కిరించిన మా నాయనే, దున్నిన ముక్కలో మేం తవ్విన గుంటలో మోచేతిదాకా చెయ్యి పెట్టి, "అడుగున గూడా తడి ఉండాది రా!" అని అరిచాడు.

గర్వంగా ఉంది. ఇంజనీరు మీద కోపం మాత్రం తగ్గలేదు, తగ్గాలంటారా?

రేపు ఉదయం ఎనిమిదికి చేనులో మళ్లీ వాన కురిపిస్తాం. ఇంజనీరునూ పిలిచాం. గుంట తవ్వే గడ్డపార ఆయన చేతికే ఇద్దాం, అందరూ రండి.