లిఫ్టు మెకానిక్ వేషం

అతను నాటకాల నటుడు. వేషం ఒప్పుకున్నాడంటే ముందు ఆ పనివాళ్ల మాటలు నోటికి పట్టించుకోవాల్సిందే. ఈసారి లిఫ్టు మెకానిక్ వేషం. ఓ మెకానిక్ వెనకే తిరిగి ఏరుకొచ్చిన బ్రేక్ కాయిల్, గైడ్ రైలు లాంటి మాటల్ని పళ్లు తోముకుంటూ కూడా వల్లె వేస్తున్నాడు. "ఇంట్లో మేకు కొట్టడం మాత్రం రాదు," అంటుంది భార్య.

ఇవాళ ఖాకీ చొక్కా తొడుక్కుని రిహార్సల్‌కు పోతుంటే, లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. అలారం నొక్కినా మోగలేదు. పక్కనున్న ముసలమ్మకు ఆయాసం మొదలైంది. అతను గోడకు చెవి ఆనించి, నోరు ఊరుకోక, "బ్రేక్ కాయిల్ పోయినట్టుందమ్మా," అన్నాడు.

ఆమె ముఖం తేటపడింది. "హమ్మయ్య, నువ్వున్నావు నాయనా! కానియ్, బాగుచెయ్యి," అంటూ చోటిచ్చి పక్కకు జరిగింది.

అతను జేబులోని స్క్రూడ్రైవర్‌ను పట్టుకున్నాడు గానీ బయటికి తీయలేదు. అది వెండి రంగు పూసిన చెక్క.