మా చిన్నమామ కారు బ్రేకులు

నా చిన్నప్పుడు మా ఇంటి పెరట్లో ఒక కారు రెండు నెలలపాటు ఇటుకల మీద నిలబడి ఉండేది. నేను చెప్పేవాటిలో సగం తీసేసి వినాలని మా ఇంటికొచ్చే కొత్తవాళ్లకు ముందే చెప్పి పెడతారు. దీనిలో తీసివేతలు అక్కర్లేదు. నన్ను నేనే తిట్టుకుంటూ చెప్పే ముచ్చటలో కోతలు కోయాల్సిన పనేముంది?

ఆ కారు మా అమ్మ తమ్ముడిది. మేం చిన్నమామ అనేవాళ్లం. దుబాయిలో ఆరేళ్లు బండ్లు బాగుచేసి వచ్చి, ఆర్మూర్‌లో పెద్ద రోడ్డు మీద సొంత షెడ్డు పెడతానని పట్టుబట్టాడు. గోడలు లేచాయి గానీ పైన రేకులు పడలేదు. ఈలోగా ఒక పాత జీపు కొని మా పెరట్లోకి తోయించి, టాపు కోసేసి, దాని ఇంజను తీసి అంతకు రెట్టింపు బలమున్నది బిగించాడు. పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే పాత డ్రమ్ము ఒకటి దొరికితే, దాని రేకును సుత్తితో సాగగొట్టి కారుకు ముక్కు చేశాడు. కొట్టిన ప్రతి దెబ్బకూ ఏళ్లనాటి పసుపు రాలి మా గిన్నెల మీదా, ఆరేసిన బట్టల మీదా పడేది.

మా అత్తకు ఆ చప్పుడు వింటేనే ఒళ్లు మండేది.

"షెడ్డుకు రేకుల్లేవు గని దీనికి ముక్కు చెక్కుతున్నడు. సీజన్ అయిపోయినంక ఎవడొస్తడు నీ తానకు?"

"బోర్డు ఎవడు చదువుతడే? గిది షెడ్డు ముందట నిలవెడితే బాల్కొండ బస్సు గూడ ఆగి చూస్తది."

అత్త కోపం కారు మీద కాదు. పసుపు సీజన్‌లోనే పాలిష్ డ్రమ్ములు తిప్పే డీజిల్ ఇంజన్లు ఒకటి తర్వాత ఒకటి మొరాయిస్తాయి. ఆ నాలుగు వారాల్లో షెడ్డుకు పేరు రాకపోతే మామ మళ్లీ విమానం ఎక్కాలి. ఆరేళ్లు ఉత్తరాలతో కాపురం చేసిన మనిషి ఆమె. ఆ మాట పైకి అనలేక రోజంతా కారును తిట్టేది.

ఇక నా సంగతి. బడిలో పిల్లలు "మీ మామ కారు ఇటుకల మీదనే ఉరుకుతదా?" అని ఏడిపించేవారు. నాకు మండింది. తెల్లారకముందే మామ దాన్ని తీస్తాడనీ, బాల్కొండ దాకా పోయి వస్తాడనీ చెప్పాను. అంతటితో ఆగితే నేనెందుకవుతాను? అంత వేగానికి బ్రేకులు నిలవవు కాబట్టి అసలు పెట్టనే లేదనీ, ఆపాలంటే మక్కచొప్ప కుప్పకు గుద్దుతాడనీ చెప్పాను. వారం రోజులు రోజుకో కుప్ప కూల్చాను. నా పక్కన కూర్చునే పిల్ల నాన్నకు మార్కెట్ యార్డులో రైతుల పసుపు అమ్మిపెట్టే అడ్తి దుకాణం ఉంది. ఆ మాట ఆ పిల్లతో దుకాణానికి పోయింది, అక్కడ పసుపు తూకానికి కాంటా కోసం కూర్చున్న రైతుల చెవిన పడింది.

ఆలూర్ రైతు ఒకాయన తన ఇంజనును మామకే ఇస్తానని మాటిచ్చి ఉన్నాడు. షెడ్డుకు అదే మొదటి పని. ఆయన వచ్చి, "బ్రేకుల్లేని బండి చేసేటోనికి నా ఇంజనెట్ల ఇయ్యాలె? మీ అక్క బిడ్డనే చెప్పిందట" అని వెళ్లిపోయాడు. ఆయన వెనక మరో ఇద్దరు మనసు మార్చుకున్నారు.

మా అమ్మ చేతికి దొరికిన గరిటె ఎత్తింది. మామ పట్టుకున్నాడు. "కొట్టకక్కా" అన్నాడు. ఆ గొంతు వింటే గరిటె దెబ్బే నయమనిపించింది.

మర్నాడు పొద్దున్నే చక్రాలు బిగించి, అత్తనూ నన్నూ ఎక్కించుకుని యార్డుకు తీసుకెళ్లాడు. పసుపు రాశుల మధ్య, ఆలూర్ రైతు కూర్చున్న దుకాణం ఎదురుగా బండి ఆపి, అందరికీ వినబడేలా అన్నాడు: "బ్రేకుల్లేవన్నది గీ పిల్లనే గద. గిప్పుడు గదే పిల్ల ముందట నిలవడ్తది. నేను ఉరికిచ్చుకొచ్చి ఆపుత. పో బిడ్డా, నిలవడు."

బ్రేకులు ఉన్నాయని నాకు తెలుసు. మామ వాటిని బిగిస్తుంటే పాన అందించింది నేనే. ఆ లేని కుప్పలన్నీ నా నోటి నుంచి వచ్చినవేనని అందరికంటే నాకే బాగా తెలుసు. అయినా నా కాళ్లు కదలలేదు. ఇంజను గర్జన వినగానే రెండడుగులు వెనక్కి పడ్డాయి కూడా. చెప్పీ చెప్పీ నా అబద్ధాన్ని నేనే నమ్మేశాను.

"సొంత మేనకోడలే నిలవడ్తలేదు!" అని ఎవరో అరిచారు. యార్డంతా నవ్వింది. మామ ముఖం వైపు చూడలేకపోయాను.

అప్పుడు అత్త బండి దిగింది. పళ్లు కొరుకుతూ ఒక ఖాళీ గోనెసంచి లాక్కొచ్చి నడిదారిలో పరిచి, కారుకు వీపు పెట్టి కూర్చుంది. "తే! ఏం జూస్తున్నవ్?" అంది. వెనక్కి ఒక్కసారి కూడా తిరగలేదు.

మామ తెచ్చాడు, ఆపాడు. మామూలుగా అయితే వెంట్రుకవాసిలో ఆగింది అంటాను. రెండు మూరల దూరంలో ఆగింది. అంతే.

ఆలూర్ రైతు లేచి బ్రేకు చూశాడు, తల ఊపాడు. ఇంజను మాత్రం అప్పటికే ఇంకో షెడ్డులో విప్పి ఉంది. మిగతావాళ్లు ఒక ఆడమనిషి వీపును కాదు, సొంతింటి పిల్ల వెనకడుగును గుర్తుపెట్టుకున్నారు. ఆ సీజన్‌లో మా మామ షెడ్డుకు రెండంటే రెండు నీళ్ల మోటార్లు వచ్చాయి. వానాకాలం మొదలవగానే ఆయన మళ్లీ దుబాయి పోయాడు. షెడ్డు తలుపు మళ్లీ తెరుచుకోవడానికి ఇంకో మూడేళ్లు పట్టింది.

ఆ రోజు ఇంటికొచ్చాక క్షమించమని అత్త కొంగు పట్టుకున్నాను. కొంగు లాక్కుంది. "నోటితోని అన్నది పోనియ్, పిల్లగాండ్ల ముచ్చట. కాళ్లతోని అంటివి గద, గది ఎట్ల మాపుతవే?" అంది. యార్డులో వెనకడుగు వేసిన ఆ పిల్ల మీద, అంటే నా మీదే, నా కోపం ఇన్నేళ్లయినా చల్లారలేదు.

కోతలు మానలేదు. పులులను చంపుతాను, బావులు దూకుతాను. కానీ ఎవరైనా తన చేత్తో చేసినదాన్ని నలుగురి ముందు నడిపి చూపిస్తానంటే మాత్రం, పిలవకముందే వెళ్లి నిలబడతాను. కాళ్లు వెనక్కి లాగుతాయి. లాగనిచ్చి, అక్కడే నిలబడతాను.